సూది భయం ఉన్నా రక్తం ఇవ్వొచ్చు

కాలేజీ క్యాంపులో సూది చూడగానే కళ్లు తిరిగి పడిపోయాననీ, మళ్లీ ఇవ్వాలనున్నా ధైర్యం చాలడం లేదనీ రాశారు. అది పిరికితనం కాదండీ. సూదినో రక్తాన్నో చూడగానే కొందరికి బీపీ, గుండె వేగం ఒక్కసారిగా పడిపోతాయి. మెదడుకు రక్తం తగ్గి కళ్లు తిరుగుతాయి.

దీనికి మంచి ఉపాయం ఉంది. సూది గుచ్చకముందు నుంచే తొడలు, పిక్కలు, పొట్ట కండరాలు గట్టిగా బిగించండి. పది పదిహేను సెకన్లు, ముఖం వెచ్చబడేదాకా. వదిలేసి, అరనిమిషం ఆగి మళ్లీ బిగించండి. సూది ఉన్న చెయ్యి మాత్రం వదులుగా ఉండాలి. ముందు కొన్నాళ్లు ఇంట్లో కుర్చీలో కూర్చుని అలవాటు చేసుకుంటే అక్కడ టెన్షన్‌లోనూ గుర్తొస్తుంది.

ఖాళీ కడుపుతో అస్సలు వెళ్లకండి. వెళ్లేముందు అరలీటరు నీళ్లు తాగండి. గతంలో కళ్లు తిరిగాయని సిస్టర్‌కి ముందే చెబితే పూర్తిగా పడుకోబెట్టి తీస్తారు. పక్కనే రక్తం నిండే బ్యాగు మెషీన్ మీద అటూ ఇటూ ఊగుతుంటుంది, అటు చూడొద్దు. అయిపోయాక గబుక్కున లేవకండి, అప్పుడే తూలిపోయేవాళ్లు ఉంటారు.

తీసేది 350 లేదా 450 మిల్లీలీటర్లు. బరువు కనీసం 45 కిలోలు, హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి. మగవాళ్లు 90 రోజులకు, ఆడవాళ్లు 120 రోజులకు మళ్లీ ఇవ్వొచ్చు.

తలసేమియా (ఒంట్లో రక్తం సరిగా తయారుకాని పుట్టుకతో వచ్చే జబ్బు) తీవ్రంగా ఉన్న పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. వేసవిలో కాలేజీలు మూసేస్తే క్యాంపులు తగ్గి, ఆ తల్లిదండ్రులు దాతల కోసం నానా అగచాట్లు పడతారు. వీలైతే మే నెలలోనే వెళ్లండి, తోడుగా ఒక స్నేహితుణ్ని తీసుకెళ్లండి.