బేస్ గిటార్‌కి రివర్బ్ కొనాలా, డిలే కొనాలా?

రెండిట్లో ఒక్క పెడలే (కాలితో నొక్కే ఎఫెక్ట్ పెట్టె, గిటార్ శబ్దాన్ని మారుస్తుంది) కొనగలిగితే బేస్‌కి డిలే తీసుకోండి, రివర్బ్ సంగతి తర్వాత చూసుకోవచ్చు. డిలే మీరు వాయించిన నోటునే కాస్త ఆగి మళ్లీ వినిపిస్తుంది, మధ్యలో ఖాళీ ఉంటుంది కాబట్టి అసలు నోటు చెడదు. రివర్బ్ మాత్రం లెక్కలేనన్ని ప్రతిధ్వనుల్ని కలిపేసి సాగదీస్తుంది. బేస్‌లో ఇ తీగ దాదాపు 41 హెర్ట్జ్, అంత కింది శబ్దం సాగితే తర్వాతి నోటు మీద పడి, కిక్ డ్రమ్‌తో కలిసి అంతా బురదైపోతుంది. పైగా బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు మన ఆర్కెస్ట్రాలు వాయించే కల్యాణమండపాల్లో గచ్చు నేల, నున్నటి గోడలు ఉంటే హాలే కావలసినంత రివర్బ్ ఇచ్చేస్తుంది!

ఉదాహరణకి 120 టెంపో (నిమిషానికి 120 బీట్లు) పాటలో ఒక బీటు అర సెకను. డిలే టైమ్ 500 మిల్లీసెకన్లు పెట్టి, ఫీడ్‌బ్యాక్ ఒకట్రెండు రిపీట్లకే తగ్గించి, ఎఫెక్ట్ శబ్దం ఎంత కలవాలో చెప్పే మిక్స్ నాబ్ పావు వంతు దాటకుండా చూస్తే రిపీట్ సరిగ్గా తర్వాతి బీటు మీద పడుతుంది. కార్డ్ (కలిపి మోగే స్వరాల గుంపు) వెంటవెంటనే మారే చోట మాత్రం డిలే ఆపేయండి, పాత నోటు కొత్త కార్డ్‌తో పడదు.

చాలామంది రివర్బ్ పెంచితే బేస్ నిండుగా వస్తుందనుకుంటారు. నిజానికి వెనక్కి పోతుంది. నిండుతనం ఎఫెక్ట్ లేని అసలు సిగ్నల్‌దే. నెమ్మది పాటలో, పై ఫ్రెట్ల మీద సోలోకి రివర్బ్ నిజంగా అందంగా ఉంటుంది, అప్పుడు కూడా రివర్బ్ శబ్దంలో 200 హెర్ట్జ్ కింది భాగం కట్ చేసేయండి.