రుబ్రీన్ పెంచబోతున్న భార్గవికి

చి. భార్గవికి ఆశీస్సులు.

ఏర్పేడులో ల్యాబ్‌లో చేరావని మీ నాయన ఫోన్లో చెప్పినాడు. వెలుగును పసిగట్టే ఫొటోడిటెక్టర్ కోసం రుబ్రీన్ అనే ఎర్రటి సేంద్రియ అర్ధవాహకం స్ఫటికాలు పెంచాలట గదా. ఫర్నేస్ జోలికి పోకముందు పొడి సంగతి చూడమ్మా. సీసా మీద ఎంత శుద్ధమని రాసున్నా సరే, నీ చేత్తో మళ్లీ ఉత్పతనం (కరగకుండా నేరుగా ఆవిరి చేసి, తిరిగి గడ్డకట్టించడం) చేయనిదే వాడొద్దు. కాంతికి పుట్టిన విద్యుదావేశాలు మలినాల దగ్గరే ఇరుక్కుపోతాయి. పైగా రుబ్రీన్‌కు గాలీ వెలుతురూ కలిసి తగిలితే ఆక్సిజన్ పట్టుకుని ఎర్రదనం పోతుంది. సీసాకు రేకు చుట్టి, దేనితోనూ కలవని ఆర్గాన్ వాయువులో దాచు.

ట్యూబ్ ఫర్నేస్‌లో ఆర్గాన్ సన్నగా పారనీ. పొడి ఉన్న చోటి నుంచి స్ఫటికం కూర్చునే చోటిదాకా వేడి నిదానంగా తగ్గాలి. ఒక్కసారిగా తగ్గిందా, ఆవిరి ఎక్కడికక్కడ గడ్డకట్టి సూదులూ పొలుసులూ మిగులుతాయి. తొందరపెట్టిన స్ఫటికం కార్బైడ్ వేసి మగ్గబెట్టిన మామిడే, పైకి నిగనిగ, లోపల పులుపు. యూపీఎస్ లేకుండా మాత్రం మొదలుపెట్టకు. మన కరెంటు సంగతి నీకు తెలుసు గదా! ఆపేటప్పుడూ దానంతటది చల్లారాల్సిందే, లేకుంటే పగుళ్లిస్తుంది.

టిప్స్-పెంటసీన్ అని ద్రావకాల్లో కరిగే ఇంకో అర్ధవాహకం ఉంది, దాని పొరలు ద్రావణంతో వేయమంటారేమో. టోలుయీన్ 110 డిగ్రీలకే మరుగుతుంది, మన ఎండలకు ఇట్టే ఆరిపోయి అంచున వలయం కడుతుంది. 207 డిగ్రీల దాకా మరగని టెట్రాలిన్ కాస్త కలిపి, ద్రావణాన్ని పలక మీద పరిచే బ్లేడును ఒకే దిక్కుకు, ఒకే వేగంతో లాగు.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో ఓటీఎస్ (సిలికాన్ పలకకు నీరు అంటకుండా పూసే రసాయనం) సీసాను బయట తెరవకు. తేమ తగిలితే తనలో తానే గొలుసులు కట్టి సిలికాన్ మీద తెల్లటి మసక వేస్తుంది. ఓటీఎస్ పూసిన పలక మీద ఒక నీటిబొట్టు వేసి చూడు. పూసలా నిలబడితే సరి, పరుచుకుంటే ఆ పలక పక్కన పడేయి.

వచ్చిన ప్రతిదాన్నీ మైక్రోస్కోపులో, అడ్డంగా పెట్టిన రెండు పోలరైజర్ల మధ్య తిప్పిచూడు. మొత్తం ఒకేసారి నల్లబడితే ఏక స్ఫటికం. ఒక మూల వెలుగుతూ మరో మూల చీకటైతే అది అతుకుల బొంత. దానిమీద బంగారు ఎలక్ట్రోడ్లు దండగ. మైక్రాన్ కన్నా పలచనివి ఏరుకో, అవి సిలికాన్ మీద వాటంతటవే అతుక్కుంటాయి. లావువి మొండికేస్తాయి. రుబ్రీన్‌లో ఆవేశాలు స్ఫటికంలో బి-అక్షం అనే దిక్కు వెంటే బాగా పరుగెడతాయి కాబట్టి, ఎలక్ట్రోడ్లు ఆ దిక్కుకే పెట్టుకో.

ఆ దిక్కు తేల్చుకోవడానికి, మీ గైడ్ దగ్గర ఎక్స్-రే యంత్రానికి వంతు ఎప్పుడొస్తుందో ఇప్పుడే అడిగిపెట్టుకో.

మీ పెదనాన్న