జెరోనిమో గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. కష్టపడ్డావని తెలుస్తోంది. కానీ మొదటి పేజీ నుంచి ఆఖరిదాకా తుపాకులే మోగుతున్నాయి, మనిషి కనబడటం లేదు.

ముందు ఆ "అపాచీల రాజు" అన్న మాట తీసెయ్. అపాచీలంటే అమెరికా మూలవాసులు. జెరోనిమో వాళ్లలో చిరికావా అనే తెగలోని బెడోంకోహే గుంపువాడు, మంత్రవైద్యుడు, పోరాటంలో ముందుండి నడిపించినవాడు. పోరాటం చివరి రోజుల్లో వాళ్ల నాయకుడు మాత్రం పాత చిరికావా నాయకుడు కొచీస్ కొడుకు నైచే.

మెక్సికోలో హానోస్ దగ్గర సైనికుల దాడిలో ఆయన తల్లి, భార్య అలోపె, ముగ్గురు పిల్లలు చనిపోయారు కదా, దాన్ని ఒక్క వాక్యంలో దాటేసి వెంటనే "ప్రతీకారం రగిలింది" అనేశావు. నువ్వు ఆగాల్సింది అక్కడే. ఆ రాత్రి గురించి ఆయన ముసలితనంలో చెప్పుకున్నాడు. ఏటి ఒడ్డున నిలబడిపోయాడట, ప్రార్థన కూడా చెయ్యలేదు, ఏదో చెయ్యాలన్న ఆలోచనే లేదు. మిగిలినవాళ్లు ఆయుధాల్లేక, శవాల్ని అక్కడే వదిలి ఇంటిదారి పడితే, వాళ్ల అడుగుల చప్పుడు లీలగా వినిపించేంత దూరంలో వెనకాలే నడిచాడు. ఇంటికి చేరాక అలోపె చేసిన అలంకరణలు, పిల్లల ఆటబొమ్మలు కాల్చేశాడు. పగ సంగతి ఆ తర్వాత రాద్దువుగాని, ముందు ఆ బొమ్మల గురించి రాయి.

ఈ మాటలు మన దాకా ఎలా వచ్చాయో కూడా చెప్పాలి. ఓక్లహోమాలోని ఫోర్ట్ సిల్ అనే సైనిక స్థావరంలో ఖైదీగా ఉండగా 1905–06లో ఆయన అపాచీ భాషలో చెబితే, డక్లూగీ అనే అపాచీ ఇంగ్లీషులోకి మార్చాడు, బారెట్ అనే ఆయన రాసుకున్నాడు. సైన్యం ఒప్పుకోకపోతే అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ దాకా వెళ్లి అనుమతి తెచ్చుకున్నారు. అంటే ఆయన గొంతు ఇంకో ఇద్దరిని దాటి మనకి చేరింది, రాసేటప్పుడు అది గుర్తుపెట్టుకో.

1886 సెప్టెంబర్ 4న అరిజోనాలోని స్కెలిటన్ కాన్యన్‌లో అమెరికా సైన్యానికి లొంగిపోవడంతో నీ వ్యాసం ఆపేశావు. వెంటపడింది దాదాపు 5,000 మంది అమెరికన్ సైనికులు, ఆయనతో మిగిలింది ఆడవాళ్లు, పిల్లలతో కలిపి 40 మంది కూడా లేరు, సరే. కానీ ఆ తర్వాత 22 ఏళ్లకి పైగా బతికాడు, అంతా ఖైదులోనే. ఫ్లోరిడా, అలబామా, ఓక్లహోమా తిప్పారు. 1904లో సెయింట్ లూయిస్ ఎగ్జిబిషన్‌లో కూర్చుని తన ఫొటోలు, సంతకాలు అమ్ముకున్నాడు. మర్నాటి ఏడు రూజ్‌వెల్ట్ ప్రమాణ స్వీకారం ఊరేగింపులో గుర్రమెక్కించి నడిపించారు, అప్పుడు నన్ను మా అరిజోనాకి పంపెయ్యండని అడిగాడు, కుదరదన్నారు. 1909లో గుర్రం మీంచి పడి, రాత్రంతా చలిలో ఉండిపోయి, న్యుమోనియాతో పోయాడు, అప్పటికీ ఖైదీయే. అతని జనానికి 1913లో గాని విడుదల దొరకలేదు. నాకు గుండె పిండేసేది ఈ భాగమే.

ఇంకొకటి. సైన్యం తరఫున కొండల్లోకి వెళ్లి ఆయన్ని లొంగుబాటుకి ఒప్పించింది మార్టీన్, కయీటా అనే చిరికావా స్కౌట్లే, అంటే సైన్యానికి దారి చూపి జాడలు తీసేవాళ్లే. ద్రోహులని ఒక్క మాటలో తేల్చెయ్యకు. వాళ్లనీ ఖైదీలుగానే ఫ్లోరిడా పంపేశారు.

ఈసారి వాళ్లని ఖైదీలుగా ఫ్లోరిడా తీసుకెళ్లిన రైలు దగ్గర మొదలుపెట్టి రాసి పంపు. నేను చదువుతాను.

మీ అన్నయ్య