స్టేట్ ఆఫ్ డీకే 3: ట్రైలర్లు చూశాక నా మొదటి అభిప్రాయం

జాంబీల మధ్య ఒక గుంపుని బతికించుకునే వీడియో గేమ్ సిరీస్‌లో రాబోతున్న స్టేట్ ఆఫ్ డీకే 3 గురించి ఇప్పటిదాకా బయటికొచ్చింది చూస్తే ఏమనిపిస్తోంది, మొదటి రెండు గేమ్‌లూ ఆడినవాళ్ళు చెప్పండి అని అడిగారు. నేను రెండూ ఆడాను, రెండోది ఇప్పటికీ ఆడుతూనే ఉన్నాను. సూటిగా చెప్పాలంటే, 2020 జులైలో వచ్చిన మొదటి ట్రైలర్ నాకు పెద్దగా ఎక్కలేదు, 2024 జూన్‌లో వచ్చిన రెండోది చూశాకే ఈ గేమ్ మీద ఆశ పుట్టింది.

మొదటి ట్రైలర్ మీకు గుర్తుండే ఉంటుంది. మంచు, అడవి, చేతిలో క్రాస్‌బో పట్టుకుని ఒంటరిగా ఒకామె, చివర్లో తోడేలును పీక్కుతింటున్న జాంబీ జింక. చూడటానికి అద్భుతంగా ఉంది, ఆ జింకని చూసి నాకూ ఒళ్ళు జలదరించింది. కానీ ఈ సిరీస్ ఆడినవాళ్ళకి అందులో ఒకటి లోటుగా కనిపిస్తుంది. ఒంటరి మనిషి కథ స్టేట్ ఆఫ్ డీకే ఎప్పుడూ చెప్పలేదు. పైగా అప్పటికి గేమ్ ఇంకా ఆలోచనల దశలోనే ఉందని స్టూడియో వాళ్ళే తర్వాత చెప్పారు కాబట్టి, ఆ ట్రైలర్ చూసి గేమ్ ఇలా ఉంటుందని ఊహించుకోవడం వృథా.

ఈ సిరీస్ చేసే స్టూడియో అన్‌డెడ్ ల్యాబ్స్ 2013లో మొదటి గేమ్ తెచ్చినప్పుడు జాంబీలు ఎక్కడ చూసినా ఉన్నారు, అందులో కొత్తేమీ లేదు. కొత్తదల్లా, ఆ గేమ్‌లో మనకంటూ ఒక హీరో లేకపోవడం. ఒక గుంపు ఉంటుంది, అందులో ఎవరినైనా తీసుకుని ఆడొచ్చు, అలిసిపోతే ఇంకొకరికి మారొచ్చు, చనిపోతే మాత్రం చనిపోయినట్టే. కథ ఎవరితో మొదలైందో ఆ మార్కస్ కూడా మధ్యలో పోవచ్చు, గేమ్ ఆగదు, వెనక్కి తీసుకెళ్ళదు. 2018లో వచ్చిన రెండో గేమ్ దీన్ని ఇంకా లోతుకి తీసుకెళ్ళింది, ఒక్కొక్కరికీ గతం, స్వభావం, బాగా తెలిసిన పని ఒకటి ఇచ్చింది. బ్లడ్ ప్లేగ్ అనే ప్రాణాంతకమైన జబ్బు సోకినవాళ్ళని బతికించాలంటే ఆ జబ్బు అంటించే ప్లేగ్ జాంబీలను చంపి మందు తయారీకి శాంపిల్స్ తేవాలి, అవి సమయానికి దొరక్కపోతే ఆ మనిషిని బేస్ (గుంపు ఉండే స్థావరం) నుంచి పంపించేయడమో మన చేతులతోనే చంపడమో మనమే నిర్ణయించాలి. జాంబీ గేమ్‌లు నేను చాలా ఆడాను, ఇంత టెన్షన్ పెట్టిన సందర్భం ఇంకోటి లేదు.

నాకు బాగా గుర్తుండిపోయింది రెండో గేమ్‌లో డ్రెడ్ జోన్ అనే కష్టమైన స్థాయిలో జరిగింది. మా బేస్‌లో తోటపని తెలిసినామె ఒక్కతే ఉండేది, తిండి అంతా ఆమె పెంచే తోట మీదే ఆధారపడి ఉండేది. మందుల బస్తా తేవడానికి ఆమెని తీసుకెళ్తే ఫెరల్స్ అనే వేగంగా మీద దూకే జాంబీలు గుంపుగా వచ్చిపడ్డాయి. కారు కంచెకి అవతల ఉంది, భుజం మీద బస్తా, పరిగెత్తే ఓపిక (స్టామినా) అయిపోయింది. నిమిషంలో అంతా అయిపోయింది. ఆ తర్వాతే అసలు బాధ మొదలైంది, బేస్‌లో అందరి మనోధైర్యం (మొరేల్) పడిపోయింది, తోట చూసుకోవడం ఇంకెవరికీ రాదు, ఆమె దగ్గరున్న సామాన్లు వెనక్కి తేవాలంటే అదే చోటికి ఇంకొకరిని పంపాలి. ఆమెకి గేమ్‌లో రాసిపెట్టిన కథంటూ ఏమీ లేదు, ఎక్కడో లెక్కలు వేసి పుట్టించిన పాత్ర, అయినా చాలాసేపు గేమ్ ముట్టుకోబుద్ధి కాలేదు.

అందుకే 2024 ట్రైలర్‌లో ఒక మనిషి కాకుండా మనుషులు కనిపించగానే, కలిసి పోరాడటం, ఒకరికోసం ఒకరు ఆగడం చూడగానే, ఇది మన గేమే అనిపించింది. గ్రాఫిక్స్ కూడా పాతవాటికంటే ఎంతో మెరుగ్గా ఉన్నాయి, గేమ్‌లు తయారుచేసే కొత్త తరం సాఫ్ట్‌వేర్ అన్‌రియల్ ఇంజన్ 5 మీద చేస్తున్నారు కాబట్టి అందులో ఆశ్చర్యం లేదు.

కానీ ట్రైలర్ చూసి ముందే డబ్బు కట్టేయమని మాత్రం చెప్పను. జాంబీ గేమ్‌ల ట్రైలర్లకి గుండె పిండేయడం బాగా తెలుసు. 2011లో డెడ్ ఐలాండ్ ట్రైలర్ చూడండి, ఒక కుటుంబం చనిపోవడాన్ని వెనక నుంచి ముందుకి చూపించి అందరినీ ఏడిపించింది, తీరా గేమ్ వచ్చాక అందులో ఉన్నది కత్తులూ కర్రలూ పట్టుకుని నరుక్కుంటూ పోవడం. దాని సీక్వెల్‌ని 2014లో ప్రకటించారు, స్టూడియోలు మారి మారి 2023లో గానీ రాలేదు. ప్రకటన నుంచి విడుదల దాకా ఎంత దూరం ఉంటుందో ఈ జానర్ ఆడేవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

నేను గేమ్‌ప్లేలో ముందుగా చూసేది కో-ఆప్, అంటే స్నేహితులతో కలిసి ఆన్‌లైన్‌లో ఆడటం. రెండో గేమ్‌లో నలుగురు కలిసి ఆడొచ్చు, బాగానే ఉంటుంది, కానీ ప్రపంచం, బేస్ అన్నీ హోస్ట్‌వి (ఆటకి పిలిచినవాళ్ళవి), మిగతావాళ్ళు హోస్ట్‌కి దూరంగా వెళ్తే గేమ్ వెనక్కి లాగేస్తుంది. ఒకడు మందుల కోసం, ఇంకొకడు పెట్రోల్ కోసం చెరోవైపు వెళ్ళే వీలే లేదు. బతకడానికి పనులు పంచుకోవడం గురించిన గేమ్‌లో ఆ కట్టడి పెద్ద లోపం, మూడోదాంట్లో అది పోవాలి. బేస్ కూడా అందరిదీ అయితే ఇంకా సంతోషం.

ఇంకోటి, చాలామంది నాతో ఒప్పుకోరు. మొదటి గేమ్‌లో మనం ఆడనప్పుడు కూడా కాలం నడిచేది, తిరిగొచ్చేసరికి తిండి తగ్గిపోయి, ఎవరికో జబ్బు చేసి ఉండేది. రెండోదాంట్లో అది తీసేశారు. ఉద్యోగాలు, పిల్లలు ఉన్నవాళ్ళకి అది హాయి అని తెలుసు, అయినా ఆ గుంపు నిజంగా ఎక్కడో బతుకుతోంది అన్న నమ్మకం నాకు దానివల్లే కలిగింది. ఇష్టమున్నవాళ్ళు ఆన్ చేసుకునే ఆప్షన్‌గా అయినా తిరిగి పెడితే బాగుంటుంది.

బగ్స్ సంగతి కూడా చెప్పాలి. రెండోది విడుదలైనప్పుడు బగ్స్ చాలా ఉన్నాయని దాదాపు ప్రతి రివ్యూలోనూ రాశారు. తర్వాత ఏళ్ళ తరబడి అప్‌డేట్లు ఇస్తూ వచ్చారు, 2020లో జగ్గర్‌నాట్ ఎడిషన్ అనే మెరుగుపరిచిన వెర్షన్‌తో ప్రావిడెన్స్ రిడ్జ్ అనే కొత్త మ్యాప్ కూడా ఇచ్చారు. ఆ ఓపిక చూశాక ఈ స్టూడియో మీద నాకు నమ్మకముంది, కానీ మొదటి వారమే కొనాలా అంటే, రెండు మూడు అప్‌డేట్లు వచ్చేదాకా ఆగండి.

ఈలోపు మీరు ఈ సిరీస్ అసలు ఆడలేదంటే రెండోదాంతో మొదలుపెట్టండి, జగ్గర్‌నాట్ ఎడిషనే తీసుకోండి. మామూలు స్థాయి స్టాండర్డ్‌లో ఒక కమ్యూనిటీని (గుంపుని) చివరిదాకా నడిపించాక డ్రెడ్‌కి వెళ్ళండి, అంతకంటే కష్టమైన లీథల్ జోలికి అప్పుడే వద్దు. ఇళ్ళలో వెతికేటప్పుడు తొందరపడి ఫాస్ట్ సెర్చ్ (త్వరగా వెతికే బటన్) నొక్కకండి, చప్పుడైతే చుట్టుపక్కల ఉన్నవన్నీ వచ్చేస్తాయి.