ర్యాలీ నడుస్తుంటే నోరు మెదపకు

చిరంజీవి అమ్మడికి,

డెన్మార్క్‌లోని హార్సెన్స్‌లో జరిగే థామస్, ఉబర్ కప్‌లకి (మగవాళ్ల, ఆడవాళ్ల షటిల్ బ్యాడ్మింటన్ జట్ల పోటీలకి) ముప్ఫై మంది పిల్లల్ని వెంటేసుకుని వెళ్తున్నావనీ, కేకలు వేయించే పెత్తనమంతా నీదేననీ మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. సంతోషమేసింది. ఆ వెంటనే గుండెల్లో రాయి పడింది. నీ గొంతు ఎంత దూరం వినబడుతుందో మన వీధి వీధంతా ఎరుగు. తలుపులన్నీ మూసేసిన హాల్లో ఆ గొంతు ఎప్పుడు తెరవాలో తెలియకపోతే చేటు మనవాళ్లకే. కోర్టు గీత దగ్గర కూర్చుని కాక్ లోపల పడిందో బయట పడిందో చెప్పే లైన్ జడ్జి బుర్రతో రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

చిన్న చిన్నవి ముందు చెప్పేస్తాను. టికెట్లన్నీ ఒకే బ్లాకులో తీసుకోండి. డోళ్లు, బూరలు, కర్రకి కట్టిన జెండాలు లోపలికి రానిస్తారో లేదో స్టేడియం నిబంధనల్లో చూసుకున్నాకే కొనండి. ఏప్రిల్ చివర అయినా అక్కడ చలి వదలదు, స్వెట్టర్ మరచిపోకు. జాతీయ జెండా మీద అక్షరాలు రాయకూడదు, అది చట్టం. అమలాపురమనో గుంటూరనో రాసుకోవాలని సరదాగా ఉంటే వేరే గుడ్డ తెచ్చుకోండి. ఆ గుడ్డ తెల్లది కాకూడదు. కాక్, అదే షటిల్, తెల్లగా ఉంటుంది. కోర్టు చివరి గీతకి వెనక వరుసల్లో తెల్లటి బ్యానర్ కదిలితే అవతలి కొసన నిలబడ్డవాడికి కాక్ అందులో కలిసిపోతుంది. ముదురు నీలం గుడ్డ మీద పసుపు అక్షరాలు రాయండి. ర్యాలీ, అంటే సర్వీసు నుంచి కాక్ నేల తాకేదాకా సాగే ఆట, అయ్యాకే ఊపండి.

టై, అంటే రెండు దేశాల జట్ల మధ్య పోటీ, ఎలా సాగుతుందో పిల్లలకి ముందే చెప్పు. ఒక్కో టైలో ఐదు ఆటలు: మూడు సింగిల్స్, రెండు డబుల్స్. క్వార్టర్స్ నుంచి ఎవరు ముందు మూడు గెలిస్తే అక్కడితో సరి. గ్రూపు దశలో అలా కాదు, 3-0 అయిపోయినా మిగిలిన రెండూ ఆడిస్తారు. జట్లు సమానంగా నిలిస్తే గెలిచిన ఆటల లెక్క చూస్తారు కాబట్టి ఆ చివరి రెంటికీ విలువుంది. మన జట్టు మూడోది గెలవగానే చూడ్డానికొచ్చిన పిల్లలు సెల్ఫీలు దిగి బయల్దేరిపోతారు. ఖాళీ కుర్చీల ముందు ఆడే ఆ రెండో డబుల్స్ జోడీ ముఖాలు ఎవరికీ గుర్తుండవు. మీరు మాత్రం కదలకండి. ఐదూ సాగితే నాలుగైదు గంటలు పడుతుంది. మొదటి సింగిల్స్‌లోనే గొంతు చించుకుంటే ఐదో ఆటకి అందరూ మూగవాళ్లే. ముప్ఫై మందిని రెండు జట్లు చెయ్యి, ఒక ఆట వీళ్లు, ఒక ఆట వాళ్లు. ఫ్లాస్కులో వేడినీళ్లు పట్టుకెళ్లు. చల్లటి కూల్‌డ్రింకు తాగి అరిచావంటే మర్నాటికి గొంతు బొంగురుపోతుంది, నీకు చిన్నప్పటి నుంచీ ఉన్నదే.

ఇక అసలు సంగతి. మనవాళ్లది పాత రోగం ఒకటుంది. ర్యాలీ మధ్యలో "అవుట్", "వదిలెయ్", "కొట్టు కొట్టు" అని అరవడం. ఆరుబయట బాల్ బ్యాడ్మింటన్, కబడ్డీ చూసి పెరిగిన ఊళ్లు మనవి. చుట్టూ నిలబడి ఆటగాడికి సలహాలివ్వడం అక్కడ చెల్లింది. షటిల్‌కి ఆ అలవాటు పట్టుకొస్తే కొంప మునుగుతుంది. ఎందుకో చెప్తాను.

సాత్విక్ కోర్టులో ఉన్నాడనుకో. అమలాపురం అబ్బాయి. పక్కన డబుల్స్‌లో అతని జోడీ చిరాగ్, ముంబై కుర్రాడు. ఎదుటివాళ్లు లేపిన కాక్ వెనక గీత మీదికి వస్తోంది. అది బయట పడుతుందో లోపల పడుతుందో వెనకున్నవాడు తేల్చుకోవడానికి రెప్పపాటు కూడా ఉండదు. పక్కవాడి నోటి నుంచి వచ్చే ఒక్క మాట కోసం చెవి అటే పెట్టి ఉంటాడు. సరిగ్గా అప్పుడు పై వరుసలోంచి అచ్చ తెలుగులో "వదిలెయ్!" అని నీ గొంతు వినబడిందనుకో. ఇన్ని దేశాల గోలలో కూడా తన భాష చెవికి ముందు తగులుతుంది. చిరాగ్‌కి ఆ మాట అర్థం కాదు, సాత్విక్‌కి అవుతుంది. ఒకడు ఆగుతాడు, ఒకడు కదులుతాడు, కాక్ ఇద్దరి మధ్యా పడుతుంది. మన ఆడపిల్లల డబుల్స్‌లో గాయత్రి, ట్రీసా జోడీకీ ఇదే తంటా: ఒకరిది తెలుగు, ఒకరిది మలయాళం. ఇంగ్లిష్‌లో "అవుట్" అన్నా గండమే. లైన్ జడ్జి కూడా ఆ మాటే అంటాడు, కాకపోతే కాక్ నేల తాకిన తర్వాత అంటాడు.

పైగా నీ కంటికి కనబడేది నిజం కాదమ్మా. కోర్టు పొడవు 13.40 మీటర్లు. పక్క వరుసలో ఎత్తున కూర్చుంటే వెనక గీత ఏటవాలుగా కనబడుతుంది. గాల్లో ఉన్న కాక్ ఎక్కడ దిగుతుందో అక్కణ్ణించి చెప్పడం అయ్యే పని కాదు. కాక్ అడుగునున్న బిరడా గీతను అంచున తాకినా లోపలే లెక్క. కానీ తాకిన కాక్ ఎగిరి, దొర్లి, బయట ఆగుతుంది. నీ కంట్లో మిగిలేది అది ఆగిన చోటు. ఇంకో మోసం డబుల్స్ సర్వీసులో ఉంది. సర్వీసుకి హద్దు వెనక గీత కాదు, దానికి 76 సెంటీమీటర్లు లోపలున్న గీత. ఆట తెలిసినవాళ్లు కూడా ఉద్రేకంలో ఇది మరచిపోయి, లోపల పడిందని ఎగిరి గంతులేస్తారు. అందుకే గీతకి ఎదురుగా కుర్చీ వేసి ఒక మనిషిని దానికోసమే కూర్చోబెట్టేది. అతని చేతులు చూడు. రెండు చేతులూ పక్కలకి బారజాపితే అవుట్. కుడిచేత్తో గీత చూపిస్తే లోపల. రెండు చేతులతో కళ్లు మూసుకుంటే నాకు కనబడలేదని అర్థం. ఆ చేతులు కదిలే దాకా నీ నోరు కదలకూడదు. "చాలెంజ్ చాలెంజ్" అని కూడా రెచ్చగొట్టకు. చాలెంజ్ అంటే లైన్ జడ్జి తీర్పుని మళ్లీ చూడమని ఆటగాడు అడగడం, అవి లెక్కగానే ఉంటాయి. గ్యాలరీ మాట విని ఒకటి తగలేస్తే, 20-20 దగ్గర నిజంగా అవసరమైనప్పుడు చేతిలో ఉండదు. మీ అరుపుకి ఆటగాడు తడబడ్డాడని అంపైరు లెట్ ఇస్తాడనుకోకు, అంటే ఆ పాయింటు మళ్లీ ఆడిస్తాడనుకోకు, పాయింటు పోయినట్టే.

నిన్ను తిట్టాలని కాదు. నువ్వు అరిస్తే సాత్విక్ వింటాడు, అదే నా భయం. డెన్మార్క్ అమ్మాయి అరుపు అతని చెవికి గాలి, నీది కాదు.

సర్వీసు దగ్గర కూడా ఇంతే. డబుల్స్‌లో సర్వీసు నెట్టు పై అంచుని ఒరుసుకుంటూ వెళ్లాలి. కొట్టేటప్పుడు కాక్ మొత్తం నేలకి 1.15 మీటర్ల లోపే ఉండాలి. ఆ పని చేసేవాడు ఊపిరి బిగబట్టి ఉంటాడు. సర్వీసు చేసేవాడు కాక్ పట్టుకుని నిలబడగానే నువ్వు చెయ్యి పైకెత్తు, మీవాళ్లందరూ ఆగాలి. ఎదుటివాళ్ల సర్వీసప్పుడు కూడా. మన చప్పట్లన్నీ పాయింటుకీ పాయింటుకీ మధ్యనే, గేములో ఒకరు 11 పాయింట్లకి చేరగానే ఇచ్చే 60 సెకన్లలో, గేముల మధ్య 120 సెకన్లలో. "జీతేగా భాయ్ జీతేగా" రెండు సార్లకి మించి పట్టదు. మూడోసారి ఎత్తుకుంటే సర్వీసు మీద పడుతుంది. "ఇండియా" అని మూడు ముక్కలుగా, మూడు చప్పట్లతో అనడం మేలు. చటుక్కున మొదలై చటుక్కున ఆగుతుంది.

మరి ఇండోనేషియా వాళ్లు ర్యాలీలోనే అరుస్తారుగా అంటావు. అవును, జకార్తాలోని ఇస్తోరా స్టేడియంలో తమవాడు కొట్టిన ప్రతి దెబ్బకీ "ఏయా" అంటారు, ఎదుటివాడు కొడితే "హూ" అంటారు. అది వేల గొంతులు ఒక్క తాళంలో చేసే హోరు. అందులో సలహా లేదు, తీర్పు లేదు. ముప్ఫై మంది చేస్తే అది హోరు కాదు, ఎవరో ఒకరి మాటే వినబడుతుంది. జపాన్ వాళ్లని చూసి నేర్చుకోండి. సర్వీసుకి ముందు "ఇప్పొన్" (ఒక్క పాయింటు) అని ఒక్క కేక, తర్వాత నిశ్శబ్దం. డెన్మార్క్ వాళ్లతో పోటీపడి అరవాలని చూడకు. అది వాళ్ల ఇల్లు, 2016లో కున్‌షాన్‌లో ఇండోనేషియాని 3-2తో ఓడించి థామస్ కప్ పట్టుకెళ్లిన తొలి యూరప్ జట్టు వాళ్లది. వాళ్ల గోల ఆగిన సందులో మీ కేక పడాలి.

మనవాడు వెనకబడ్డప్పుడే మీ అవసరం. 2022లో బ్యాంకాక్‌లో జరిగిన థామస్ కప్ ఫైనల్లో లక్ష్య సేన్ ఇండోనేషియా ఆటగాడు గింటింగ్ చేతిలో మొదటి గేము 8-21తో పోగొట్టుకున్నాడు. అక్కణ్ణించి 21-17, 21-16. సాత్విక్, చిరాగ్ కూడా మొదటి గేము పోగొట్టుకుని రెండోది 23-21, మూడోది 21-19 లాక్కొచ్చారు. శ్రీకాంత్ వచ్చి 3-0 చేశాడు. అంతకు ముందు సెమీస్‌లో ప్రణయ్ చీలమండ మడతపడినా ఆడి డెన్మార్క్‌ని ఆపాడు. 8-21 చూసి తలపట్టుకుని ఫోన్లోకి దిగిపోయేవాళ్లని వెనక వరుసకి పంపించెయ్. ఆటగాడు బెంచి వైపు చూస్తాడు, బెంచి వెనక మీరుంటారు. అందుకే సీట్లు మన బెంచి వైపే వెతుక్కో.

ఎదుటివాడు తప్పు చేస్తే చప్పట్లు కొట్టకు. దెబ్బ తగిలి పడిపోతే అతను లేచేదాకా నోరు మెదపకు, లేచాక చప్పట్లు కొట్టు. పారిస్ ఒలింపిక్స్‌లో స్పెయిన్ అమ్మాయి మారిన్ మోకాలు దెబ్బతిని సెమీఫైనల్ వదిలేస్తే, ఎదుట ఆడిన చైనా అమ్మాయి హే బింగ్‌జియావ్ పతకం తీసుకునేటప్పుడు స్పెయిన్ పిన్ను చేత్తో పట్టుకుని నిలబడింది. ఎదుట ఆడిన మనిషికే అంత మర్యాద ఉంది, టికెట్టు కొనుక్కున్నవాళ్లకి ఉండదా! "బూ" అనదగ్గ సందర్భం ఒకటుంది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో తర్వాతి దశలో ఎదురయ్యే జోడీ తమకి అనుకూలంగా రావాలని నాలుగు జోడీలు కావాలని ఓడడానికి ఆడాయి. వెంబ్లీ ఎరీనాలో జనం బూ అన్నారు, ఎనిమిది మందినీ వెళ్లగొట్టారు. అలాంటిది నీ కళ్లబడితే నీ ఇష్టం వచ్చినన్ని కేకలెయ్.

ఓడితే ఆ రాత్రి ఫోన్‌లో ఏమీ రాయొద్దు. ఆటగాళ్ల పేర్లు తగిలించి అసలు రాయొద్దు. వాళ్లు హోటల్లో మంచమెక్కి ముందు చూసేది అదే. మర్నాడు మళ్లీ ఆడాలి.

ఇంకొకటి. ముప్ఫై మంది టికెట్లూ నీ కార్డు మీద కొన్నావని మీ నాన్న అనగానే నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. స్నేహితులు మంచివాళ్లే, డబ్బు సంగతి వేరు. ఎవరి టికెట్టు డబ్బులు వాళ్ల దగ్గర ఇవాళే వసూలు చెయ్యి. ఇవ్వనివాడి టికెట్టు వేరేవాడికి ఇచ్చెయ్. రాత్రి టై ఆలస్యమైతే ఆర్హస్‌కి ఆఖరి రైలు ఎప్పుడో ముందే చూసి పెట్టుకో, ఆడపిల్లల్ని ఒక్కొక్కర్నీ ఇంటికి చేర్చాకే నువ్వు పడుకో. ఏ వరుసలో సీట్లు దొరికాయో నాకు రాయి, టీవీలో వెతుక్కుంటాను.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న