ఓల్డ్ క్రో చూడబోయే మేనకోడలికి

అమ్మలూ,

కెంటకీలో లెక్సింగ్టన్ నుంచి బైకు మీద మొదటి లాంగ్ రైడ్ ఓల్డ్ క్రో అనే పాత విస్కీ డిస్టిలరీకే పెట్టుకున్నావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. మనవాళ్ళు ఆ వైపు వచ్చినా గుర్రాల ఫారాలు చూసి తిరిగిపోతారు. ఆ లోయలో నేను ఏళ్ళ తరబడి బండి మీద తిరిగాను, అందుకే ఈ ఉత్తరం.

ముందు దారి సంగతి. మ్యాప్ ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా పొమ్మన్నా పోకు. వర్సేల్స్ వెళ్ళి, అక్కడే ట్యాంకు నింపుకుని, మెక్రాకెన్ పైక్ అనే రోడ్డు ఎక్కు. అలా వస్తే మొదట వుడ్‌ఫోర్డ్ రిజర్వ్ డిస్టిలరీ, తర్వాత మిల్‌విల్ దగ్గర ఓల్డ్ టేలర్, దాన్ని దాటాక ఓల్డ్ క్రో వస్తాయి. మొదటిది ఇప్పటికీ నడుస్తోంది. రెండోది పాడుబడి మళ్ళీ లేచింది. మూడోది చాలావరకు పాడుబడే ఉంది. ఈ వరసలోనే చూడాలి. నేరుగా శిథిలం ముందు బండి ఆపితే గోడలూ తీగలూ తప్ప ఏమీ కనపడవు. ఏ గదిలో ఏం జరిగేదో ముందు తెలిసి ఉంటే, కూలిన గోడ కూడా అర్థమవుతుంది.

అందుకే ఓల్డ్ టేలర్ దగ్గర తొందరపడకు. ఇప్పుడు దాని పేరు కాసిల్ అండ్ కీ. టూరు టిక్కెట్టు ముందే తీసుకో. కర్నల్ ఇ. హెచ్. టేలర్ 1887లో సున్నపురాతితో అచ్చం కోటలాగే కట్టించాడు. విస్కీ తయారయ్యేచోటికి జనం రైలెక్కి వచ్చి తిరిగి చూడాలని ఆయన ఆశ. ఆ రోజుల్లో విస్కీలో రంగులూ రసాయనాలూ కలిపి అమ్మేవాళ్ళు. దాని మీద పోరాడి 1897లో బాటిల్డ్ ఇన్ బాండ్ చట్టం తెప్పించినవాళ్ళలో ఆయన ముఖ్యుడు. ఒకే డిస్టిలరీలో ఒకే సీజన్లో కాచి, ప్రభుత్వ పర్యవేక్షణలో ఉన్న గోదాములో కనీసం 4 ఏళ్ళు ఉంచి, 50 శాతం ఆల్కహాలుతో సీసాకెక్కిస్తేనే ఆ పేరు పెట్టుకోవాలి. ఆ నియమం ఇప్పటికీ ఉంది. అలాంటి డిస్టిలరీ 1972లో మూతపడింది. నలభై ఏళ్ళకు పైగా చెట్లు గోడల్లోంచి మొలిచాయి. 2014లో కొత్తవాళ్ళు కొన్నారు, 2018లో జనానికి తలుపులు తీశారు.

అక్కడ స్తంభాల మండపం కింద తాళంచెవి రంధ్రం ఆకారంలో ఒక నీటి కొలను ఉంటుంది. దాని దగ్గర కాసేపు నిలబడు. ఆ లోయలో ఇన్ని డిస్టిలరీలు పుట్టడానికి కారణం ఆ నీళ్ళే. సున్నపురాతి పొరల్లోంచి ఊరి వచ్చే నీళ్ళలో ఇనుము ఉండదు. ఇనుము ఉంటే విస్కీ నల్లబడుతుంది, రుచి పాడవుతుంది.

ఇక ఓల్డ్ క్రో. జేమ్స్ క్రో స్కాట్లాండ్ నుంచి వచ్చిన రసాయన శాస్త్రం తెలిసిన మనిషి. నువ్వు ముందు దాటివచ్చిన వుడ్‌ఫోర్డ్ రిజర్వ్ స్థలంలోనే, అప్పటి ఆస్కార్ పెప్పర్ డిస్టిలరీలో పనిచేశాడు. కిందటి కాపులో మిగిలిన పుల్లటి ద్రవాన్ని కొత్త మొక్కజొన్న గంజిలో కలిపే సవర్ మాష్ పద్ధతిని కొలతలతో, లెక్కతో కుదురుకునేలా చేసింది ఆయనే. 1856లో పోయాడు. ఆయన పేరు మీద ఈ డిస్టిలరీ కట్టింది ఆ తర్వాత. కంపెనీ చేతులు మారిన 1987లోనే ఇది మూతపడింది.

లోపలికి మాత్రం వెళ్ళకు. కంచెకు సందు ఉందనీ, ఎవరూ చూడరనీ చెప్పేవాళ్ళు ఉంటారు, వినకు. పాడుబడిందంటే ఎవరిదీ కాదని కాదు. ఒక భాగంలో చిన్న డిస్టిలరీ నడుస్తోంది, వాళ్ళు తెరిచి ఉంచిన వేళల్లో వెళ్ళి అడిగితే చూడనిచ్చినంత చూడు. చుట్టుపక్కల గోదాముల్లో ఇప్పటికీ పీపాలు నిలవ ఉంటాయి. 2019 జులైలో అక్కడ ఒక గోదాము తగలబడి 45,000 పీపాల బర్బన్ విస్కీ పోయింది. అది వాగులోకీ కెంటకీ నదిలోకీ చేరి చేపలు చచ్చాయి. పైగా పుచ్చిన చెక్క నేల మనిషి బరువు ఆగదు. గడ్డిలో కాపర్‌హెడ్ పాములుంటాయి. మూడేసి ఆకుల పాయిజన్ ఐవీ చెయ్యి తగిలితే వారం రోజులు గోకుతూనే ఉంటావు.

రోడ్డు మీద నుంచే చూడవలసింది చాలా ఉంది. గోదాముల చుట్టూ చెట్ల మొదళ్ళు గమనించు. పొయ్యి పక్క గోడలా నల్లగా ఉంటాయి. నిప్పంటుకున్నాయనుకునేవు. పీపాల్లోంచి గాలిలో కలిసే ఆల్కహాలు ఆవిరి మీద బతికే బూజు అది, పేరు బౌడోయినియా. రాళ్ళకీ కొమ్మలకీ పట్టేస్తుంది. ఆ నలుపు ఎక్కడుంటే అక్కడ పీపాలు నిలవున్నాయని గుర్తు.

ఎండాకాలంలో వద్దు, తీగలు సగం గోడల్ని కప్పేస్తాయి. నవంబరు మొదట్లో ఆకు రాలాక వెళ్ళు. అయితే రాలిన ఆకులు తడిస్తే టైరు జారుతుంది, ఆ రోడ్డు మలుపుల్లో ఎండ ఆలస్యంగా పడుతుంది. ఇళ్ళ దారుల్లోంచి కంకర రోడ్డు మీదికొస్తుంది. రోడ్డు సన్నం, ఎదురుగా గుర్రాల ట్రెయిలర్లు వస్తుంటాయి. మలుపులోకి వెళ్ళకముందే వేగం తగ్గించు, మలుపులో బ్రేకు పట్టకు. సాయంత్రం జింకలు అడ్డం దూకే కాలం అది, చీకటి పడకముందే హైవే ఎక్కెయ్. మెత్తటి నేల మీద స్టాండు దిగబడకుండా కింద పెట్టడానికి ఒక చిన్న రేకు ముక్క జేబులో ఉంచుకో. 21 ఏళ్ళు దాటి లైసెన్సుకు ఏడాది నిండితే హెల్మెట్ లేకపోయినా కెంటకీ చట్టం ఒప్పుకుంటుంది. నేను ఒప్పుకోను.

టూరు చివర రుచి చూడమని చిన్న గ్లాసులిస్తారు. బండి మీద ఉన్న రోజు ఒక్క చుక్క కూడా వద్దు. రక్తంలో ఆల్కహాలుకు చట్టం పరిమితి 0.08 శాతం అయినా రెండు చక్రాల మీద నీ పరిమితి సున్నా. నచ్చితే సీలు తియ్యని సీసా కొనుక్కుని, టవల్లో చుట్టి బ్యాగులో అడుగున పెట్టుకో. దీపావళికి నేనొస్తాను, అప్పుడు తీద్దాం.

టిక్కెట్టు ఏ రోజుకు దొరికిందో మెసేజ్ పెట్టు. తిరిగి ఇంటికి చేరగానే ముందు మీ అమ్మకి ఫోన్ చెయ్యి, తర్వాత నాకు.

ఆశీస్సులతో
మావయ్య