స్టడీ మోడల్ ట్రిమ్ చేసేటప్పుడు చివరి పన్ను ఎందుకు పోతోంది?

దంత వైద్యశాలలో కొత్తగా చేరానని, స్టడీ మోడల్ (రోగి పళ్ల అచ్చులో పోసి తీసిన నమూనా) ట్రిమ్ చేసిన, అంటే అంచులు అరగదీసిన, ప్రతిసారీ ఏదో ఒక పన్ను దెబ్బతింటోందని, చేయి ఎప్పటికి కుదురుతుందని అడిగారు. కడపలో పదకొండేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. నా అనుభవంలో, మోడల్ ట్రిమ్మర్ (నీటి ధారతో తిరిగే అరగదీత చక్రం) దగ్గరికి రాకముందే చాలావరకు తప్పు జరిగిపోయి ఉంటుంది.

నేను చేరిన మొదటి వేసవిలో ప్రొద్దుటూరు నుంచి పన్నెండేళ్ల పాప పళ్లకు క్లిప్పులు వేయించుకోవడానికి తల్లితో వచ్చింది. ఆల్జినేట్ (నోట్లో పెట్టి పళ్ల అచ్చు తీసే మెత్తటి పదార్థం) అచ్చు తీస్తున్నంతసేపూ వాంతి వచ్చినట్టవుతున్నా, కళ్ల వెంట నీళ్లు కారుతున్నా ఓర్చుకుంది. సాయంత్రం తొందరలో నేను మైనపు బైట్ (పై, కింది పళ్లు ఎలా కలుస్తాయో చూపే, రోగి కొరికిన మైనపు ముక్క) పెట్టకుండానే పై మోడల్ వెనుక భాగాన్ని చక్రానికి ఆనించాను. తెల్లటి బురదనీళ్లు కారిపోతుండగా చివరి దవడ పన్ను సగం అరిగిపోయిన సంగతి గమనించనే లేదు. డాక్టర్ గారు రెండు మోడళ్లనూ వెనుక భాగం మీద నిలబెట్టి కలిపి చూస్తే పై పళ్లు కింది పళ్ల మీద కుదురుకోలేదు. ఆ తల్లి మరొక రోజు కూలి మానుకుని, బిడ్డను తీసుకుని మళ్లీ బస్సెక్కి రావలసి వచ్చింది. తప్పు నాదేనని ఆమెకు చెప్పుకున్నాను.

మన ఎండలకు అచ్చును బల్ల మీద వదిలేస్తే తడి ఆరి కుంచించుకుపోతుంది కనుక, 10 నిమిషాలలోపే స్టోన్ (మోడల్ తయారయ్యే గట్టి రకం ప్లాస్టర్) పోయండి. 100 గ్రాముల పొడికి 30 మి.లీ. నీళ్లు కొలిచి కలపండి. కంటి అంచనా వద్దు. 45 నిమిషాల నుంచి గంట ఆగి, అచ్చు ఉన్న ట్రేను మోడల్ నుంచి అటూ ఇటూ ఊపకుండా నిటారుగా లాగండి, ఎందుకంటే ముందు పళ్లు విరిగేది ఎక్కువగా ఇక్కడే. ట్రిమ్ చేసే ముందు మోడల్‌ను 5 నిమిషాలు నీళ్లలో నాననివ్వండి. బేతంచెర్లలో నాపరాళ్లు కోసే మా మేనమామ నీటి ధార లేకుండా రంపం వేసేవారు కారు. ట్రిమ్మర్ చక్రానికీ అదే పద్ధతి. చివరి పంటి వెనుక పావు అంగుళం ఎక్కడిదాకా వస్తుందో పెన్సిలుతో గీత గీసుకుని, మైనపు బైట్ మధ్యలో పెట్టి, పై, కింది మోడళ్ల వెనుక భాగాలను కలిపే అరగదీయండి.

చాలా చోట్ల సింకు కింద ప్లాస్టర్ ఆపే డబ్బా పెట్టించరు, పైపులో స్టోన్ గట్టిపడితే మాత్రం అసిస్టెంట్‌ను మందలిస్తారు. కళ్లద్దాలు కూడా అడిగితే గానీ ఇవ్వరు. రెండూ అడిగి సాధించుకోండి. ఒక వారం పాటు పారేసే పాత మోడళ్ల మీదనే సాధన చేసి, ఆ తరువాతనే రోగుల మోడళ్లను చేతిలోకి తీసుకోండి.